మిట్టచేనులో పుంగనూరు

పుంగనూరు మీదుగా బస్సులో పోయేటప్పుడు మా ఆయన కాళ్లు పైకెత్తి సీటు మీద పెట్టుకునేవాడు. ఊరి మొదట్లో మైలురాయి కనబడగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. ఊరు దాటి ఇళ్లు పలచబడ్డాక మళ్లీ కాళ్లు కిందికి దించేవాడు. పక్కన కూర్చున్నవాళ్లు పాపం మోకాళ్ల నొప్పులేమో అనుకునేవారు. కండక్టర్లకు మాత్రం తెలుసు. వాళ్లలో ఒకాయన మరీ కొంటెవాడు. "పెద్దాయనా, పుంగనూరు వస్తాండాది, కాళ్లు ఎత్తుకో" అని బస్సంతా వినబడేట్టు చెప్పేవాడు.

దీనికంతా కారణం ఒక పొట్టి ఆవు.

మా మామ చనిపోతూ వదిలిపోయిన పుంగనూరు ఆవు అది. నా నడుమంత ఎత్తు కూడా లేదు, పాలు మాత్రం చిక్కటి పాలు. నా మరిది మునిరత్నం పుంగనూరులో విత్తనాల అంగడి పెట్టుకుని అక్కడే కాపురం ఉన్నాడు. పిల్లలకు పాలు కావాలని ఆవును తోలుకుపోయాడు. ఒకరోజు బెంగళూరు ఆసామి ఎవరో వచ్చి, బంగళా ముందర అందంగా ఉంటుందని అడిగితే అమ్మేశాడు. అన్నకు ఒక మాట చెప్పలేదు. మా ఆయన గురప్ప ఆ సంగతి సంతలో ఎవరి నోటివెంటో విన్నాడు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మర్నాడే కాణిపాకం పోయి, తడిబట్టలతో దేవుడి ముందర నిలబడి, "వాడుండే పుంగనూరు నేలమీద నేను కాలు పెడితే నా ఇంటికి కీడు జరగనీ" అని ప్రమాణం చేసి వచ్చాడు.

మునిరత్నం రెండుసార్లు మా ఊరికి వచ్చాడు. రెండుసార్లూ ఈయన వెనక వాకిలి గుండా చేన్లోకి వెళ్లిపోయాడు. నేను మజ్జిగ ఇస్తే మునిరత్నం తాగి, అరుగు మీద కాసేపు కూర్చుని లేచిపోయాడు పాపం. నేను ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిననాటికి మునిరత్నానికి లాగు కట్టుకోవడం కూడా సరిగా రాదు. తల్లి లేని పిల్లాడు. నా కొడుకు మురళి పుట్టకముందే నా చంక ఎక్కినవాడు. ప్రమాణం చేసింది నేను కాదు. కానీ మొగుడు గడప తొక్కని ఇంటికి నేనొక్కదాన్నే పోయి ఏమని కూర్చోను?

ఇట్లా మూడేళ్లు గడిచాక, ఒక ఎండాకాలం మా ఇంట్లోకి సెల్‌ఫోను వచ్చింది.

మా మురళి టమాటా లారీ తోలేవాడు. ఎప్పుడు మద్రాసులో ఉంటాడో, ఎప్పుడు మదనపల్లె మండీలో ఉంటాడో తెలిసేది కాదు. లారీ వచ్చే వేళకు కోత సిద్ధంగా ఉండాలని ఆ ఫోను కొనిపెట్టాడు. వాడి కూతురు శ్రుతి అంగళ్లు అనే ఊళ్లో ఉన్న కాలేజీలో ఇంజినీరింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. అది ఫోనులో ఏవేవో నొక్కి, ఉన్నచోటి పేరు అద్దం మీద పడేట్టు చేసింది.

"తాతా, ఈడ సూడు. మదనపల్లె అని రాసుండాది."

"మనముండేది ఎర్రమిట్టపల్లెలో కదమ్మా?"

"మన ఊర్లో టవరు లేదు తాతా. మదనపల్లె టవరే మనకు అందేది. అందుకని ఆ పేరు రాసింది."

మా ఆయనకు భలే ముచ్చటేసింది. ఆ రోజంతా పేడకల్లు ఎత్తుతూ కూడా "నేను మదనపల్లెలో ఉండాను మే, నాకు కాఫీ తెచ్చియ్యి" అని నాతో ఆడుకున్నాడు.

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగే రెండో తరగతితో ఆగిపోయింది. అయినా ఆ పేరు గుర్తు పెట్టుకున్నాను. మదనపల్లె అంటే మొదట్లో రెండు గుట్టలు పక్కపక్కన ఉంటాయి, ఆ తర్వాత అక్షరాలు అద్దం అంచుదాకా పాకి ఉంటాయి.

ఆ వారమంతా మిట్టచేనులో టమాటా కోత. మాకు రెండు చేన్లు. ఇంటి దగ్గర బావి కింద ఒకటి, గుట్ట వాలులో మిట్టమీద ఒకటి. ఆ యేడు మిట్టచేనే బాగా కాసింది. చెట్లకు ఊతమిచ్చిన కట్టెలు వంగిపోయేట్టు కాయ. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన అక్కడే. ఫోను చొక్కా జేబులోనే. నాలుగో రోజో అయిదో రోజో సద్ది తీసుకుని నేనూ శ్రుతీ పోయాము. సద్ది తిని చేయి కడుక్కుంటూ, మురళికి ఫోను కలపమని శ్రుతికి ఇచ్చాడు. శ్రుతి అద్దం చూసి నవ్వింది.

"తాతా, నువ్విప్పుడు పుంగనూరులో ఉండావు."

ఆయన చేతిమీద పోసుకుంటున్న నీళ్లు ఆగిపోయాయి.

"ఏమంటివి?"

"మిట్ట కదా, ఆపక్క టవరు అందినట్టుండాది. పుంగనూరు అని రాసింది సూడు."

నేను కూడా వంగి చూశాను. గుట్టలు లేవు. మొదట్లో ఒక కర్ర, కర్ర కొసకు ఒక చిన్న మూట కట్టినట్టు ఉన్న అక్షరం. పేరు కూడా పొట్టి. అంచుదాకా పోకుండానే ఆగిపోయింది.

మా ఆయన సగం నిండిన గంప అక్కడే వదిలి, తువ్వాలు దులుపుకుని మిట్ట దిగి వచ్చేశాడు. ఆ రోజునుంచి మిట్టచేనుకు పోలేదు. ఎందుకని అడిగితే ఎండగా ఉందన్నాడు. యాభై ఏళ్లుగా ఎండలో బతికిన మనిషి. కూలోళ్లను పెట్టుకుని నేనే కోయించాను. యజమాని లేని చేను ఎట్లా ఉంటుంది? పండింది పండినట్టు మెత్తబడిపోతోంది. ఈయన కింద చేన్లో లేని కలుపు తీసుకుంటూ కూర్చున్నాడు.

కలుపు కూడా ఎంతసేపని తీస్తాడు? ఫోను చేత్తో పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. పశువులపాక వెనక్కి పోతాడు, చూస్తాడు. బావిగట్టు ఎక్కుతాడు, చూస్తాడు. మిట్టకు పోయే బాటలో నాలుగడుగులు వేసి, శ్రుతిని పిలిచి "ఈడ ఏమంటాండాది?" అని అడుగుతాడు. పేరు మారే చోట ఒక రాయి పెట్టాడు. కొంచెం పక్కన ఇంకొకటి. చూస్తూ ఉండగానే వాలుకు అడ్డంగా రాళ్ల వరుస ఒకటి తయారైంది, కొత్తగా గట్టు వేసినట్టు. ఆ వరుస దాటి కాలు వేసేవాడు కాదు. ఒక్కోరోజు ఆ పేరు రాళ్లకు ఈపక్కకు కూడా వచ్చేది. అప్పుడు రాళ్లన్నీ కిందికి జరిపేవాడు.

"ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా?" అన్నాను ఒకరోజు.

"నీకు తెలీదులే, పో" అన్నాడు. కసురుకోలేదు. ఆ మాట నీరసంగా అన్నాడు. కసురుకుని ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఇంతలో పాలవ్యాను తోలే గంగులప్ప కబురు తెచ్చాడు. గంగులప్పది పుంగనూరే. రోజూ రెండుపూటలా మా ఊరి పాలక్యాన్లకు వస్తాడు. క్యాను ఎత్తుతూ, మా ఆయన వైపు చూడకుండా నాతో చెప్పాడు.

"అమ్మా, మునిరత్నం అన్నకు బాగలేదు. సక్కెర జబ్బు ఉండాది కదా. కాలి బొటనవేలికి ఇనుప సీల తగిలిందంట, మానలేదు. ఇప్పుడు పాదమంతా నల్లబడింది. వేలూరు ఆస్పత్రిలో సూపించినారు. కాలు తీసెయ్యాల అన్నారంట."

మా ఆయన పశువుల గాడిపాడి దగ్గర నిలబడి వింటూ ఉన్నాడు.

"సీల ఎప్పుడు తగిలింది?" అని అక్కడినుంచే అడిగాడు.

గంగులప్ప ఆశ్చర్యపోయాడు. మూడేళ్లలో తమ్ముడి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"ఇప్పుడే పెద్దాయనా, కోతలు మొదలైనప్పుడు. మీరు మిట్టచేనులో కోస్తాంటిరే, ఆ వారం."

ఆ రోజు మా ఆయన రాళ్ల వరుసను ఇంకా కిందికి, దాదాపు బావి దగ్గరికి జరిపాడు.

నాలుగు రోజులకు మేము కుప్పం పోవలసి వచ్చింది. మా కోడలి తమ్ముడు కుప్పంలో ఇల్లు కట్టుకుని కొత్తింట్లో చేరుతున్నాడు. కోడలు ముందే పోయింది, నేనూ ఆయనా శ్రుతీ బస్సెక్కాము. పుంగనూరు రాగానే ఆయన మామూలుగా కాళ్లు ఎత్తుకున్నాడు. ఆ రోజు అంతటితో ఆగలేదు. ఫోను తీసి శ్రుతి ఒళ్లో పడేసి, "దాన్ని మూసిపెట్టు, ఏం రాస్తాండాదో నాకు సెప్పొద్దు" అని కళ్లు మూసుకున్నాడు. పలమనేరు పోయేదాకా తెరవలేదు.

కుప్పంలో భోజనాలయ్యాక బస్టాండులో వీకోట బస్సు కోసం నిలబడ్డాము. వేడిగాలి కొడుతోంది. శ్రుతి ఫోను తెరిచి, నుదురు కొట్టుకుంది.

"సూడవ్వా, దీని యేషాలు. తమిళనాడుకు స్వాగతం అని మెసేజి పంపించినారు. రోమింగని డబ్బులు కూడా కోసేస్తారు ఇంక."

"మనం కుప్పంలో కదా ఉండేది?" అన్నాడు ఆయన.

"కుప్పంలోనే తాతా. ఆపక్క తమిళనాడు, ఈపక్క కర్ణాటక. ఏపక్క టవరు గట్టిగా పిలిస్తే ఇది ఆపక్కకు పలుకుతాది. దీనికి కండ్లుండాయా, నీ కాళ్లు యాడుండాయో సూడ్డానికి?"

మా ఆయన కింద తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చుట్టూ బోర్డులు చూశాడు. తెలుగు బోర్డులే.

"అంటే మిట్టచేనులో నేనుండింది పుంగనూరు కాదంటావా?"

"ఎట్లయితాది తాతా? అది మన చేను."

"కాకపోతే వాని కాలు యాల నల్లబడింది?"

శ్రుతికి అర్థం కాలేదు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. ఈ మనిషి ఇన్ని రోజులూ కోపంతో తిరుగుతున్నాడనుకున్నాను. కోపం కాదు. ఇంటికి కీడు జరగనీ అని తానే అన్నాడు. మిట్టమీద తిరిగిన వారంలో ఫోను పుంగనూరు అని రాసింది. అదే వారంలో తమ్ముడి కాలికి దెబ్బ తగిలింది. ఆ రెండింటినీ కలిపి ముడి వేసుకుని మోస్తున్నాడు. తమ్ముడి కాలు తానే తీసేస్తున్నానని ఆయన భయం.

"ఏమయ్యా," అన్నాను, "సక్కెర జబ్బు ఆవును అమ్మకముందే ఉండాది వానికి."

"ఉండొచ్చు. సీల ఎవురు పెట్టినారు దారిలో?"

బస్సు వచ్చింది, ఎక్కాము. ఇంటికి చేరేదాకా ఆయన శ్రుతిని ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతూనే ఉన్నాడు. టవరు పిలిస్తే మనం పోయినట్టా, కాదా? అది రాసిన మాటకు లెక్కుందా, లేదా? శ్రుతి ఎన్ని చెప్పినా, "దేవునికి సూపించేదానికి ఏదో ఒక గుర్తు కావాల కదమ్మా" అనేవాడు.

ఆ తర్వాత వారంలో మా తోడికోడలు, మునిరత్నం పెళ్లాం తిమ్మక్క ఫోను చేసింది. మా నంబరు గంగులప్ప ఇచ్చాడట. పొద్దున పూట, నేను రాగి పిండి కలుపుతున్నాను. పిండి చేత్తోనే ఫోను పట్టుకున్నాను.

"అక్కా, రేపు తెల్లారేలోపల వేలూరికి పోతాండాము. ఆయన ఏమీ అడగడంలే. బావ గొంతు ఒకసారి వింటే సాలు అంటాండాడు. బావను పంపించక్కా. రాలేకుంటే ఫోన్లోనైనా మాట్లాడమను."

ఫోను మా ఆయనకు అందించాను. తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. నోరు తెరవలేదు. అవతల తిమ్మక్క "బావా, బావా" అంటూనే ఉంది. కాసేపటికి నా చేతికి ఇచ్చేశాడు.

"నేను పోతే వానికి ఇంకేమన్నా అయితే ఎట్ల మే?" అన్నాడు. కళ్లలో నీళ్లు లేవు. అవి ఉంటే బాగుండేది.

నేను చేతులు కడుక్కుని వచ్చి చెప్పాను. "నువ్వు మైలురాయి దాకా రా. ఆడ టీ అంగట్లో కూర్చో. నేను పోయి సూసి, నువ్వొచ్చి బయట కూర్చోనుండావని వానికి సెప్తాను. నీ కాలు పుంగనూరులో పడదు. సాలునా?"

చాలాసేపు ఆలోచించి సరే అన్నాడు.

మధ్యాహ్నం పెద్ద గాలివాన. మా ఊళ్లో రేకులు లేచిపోయాయి, మామిడితోపుల్లో కాయంతా నేలరాలింది. వాన వెలిశాక గంగులప్ప వ్యానులో బయల్దేరాము. మా ఆయన ముందర కూర్చున్నాడు, వెనక క్యాన్ల మధ్య నేనూ శ్రుతీ. దారిపొడుగునా విరిగిన కొమ్మలు. ఒకచోట కరెంటు స్తంభం వాలిపోయి తీగలు కాలువలో పడి ఉన్నాయి.

మైలురాయి దగ్గర దిగాము. టీ అంగడాయన గుడ్డతో బెంచీ తుడుస్తూ, "టీ లేదప్పా, స్టవ్వు తడిసిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు పలకవు, ఊరంతా సీకటి" అన్నాడు.

మా ఆయన అలవాటుగా చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. రెండో చేత్తో ఫోను శ్రుతికి చూపించాడు.

"ఏమంటాండాది?"

శ్రుతి చూసింది. మళ్లీ చూసింది.

"మదనపల్లె తాతా."

"సరిగ్గా సూడు."

"మదనపల్లెనే. ఈడి టవరుకు కరెంటు పోయినట్టుండాది. ఆ టవరే కొంచెం కొంచెం అందుతాండాది."

నేను కూడా చూశాను. రెండు గుట్టలు. అంచుదాకా పాకిన అక్షరాలు.

మా ఆయన మైలురాయి దాటి ఒక అడుగు వేసి ఆగాడు. ఫోను చూశాడు. ఇంకొక అడుగు వేశాడు. గంగులప్ప ఏదో అనబోతే నేను కళ్లతోనే ఆపాను. మునిరత్నం ఇల్లు మదనపల్లె వైపే, ఊరి మొదట్లో ఎత్తుగడ్డ మీది వీధిలో. ఆ వీధిలోకి మా ఆయన ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో ఫోను పట్టుకుని నడిచాడు. గాలికి ఆరిపోకుండా దీపాన్ని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ఎట్లా తీసుకుపోతామో, అట్లా పోయాడు. పది అడుగులకొకసారి ఆగి శ్రుతి ముఖం చూసేవాడు. శ్రుతి తలూపేది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడి చూశారు.

ఇంట్లో లాంతరు పెట్టి ఉంది. తిమ్మక్క మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. మునిరత్నం మంచం మీద పడుకుని ఉన్నాడు. కాలికి మోకాలిదాకా గుడ్డ చుట్టి ఉంది.

"ఎవురది?"

మా ఆయన లాంతరు వెలుగులోకి జరిగాడు.

"అన్నా," అన్నాడు మునిరత్నం, "పుంగనూరుకు వస్తివా?"

"రాలేదు. నేను మదనపల్లెలో ఉండాను. కావాలంటే సూడు."

ఫోను తమ్ముడి ముఖం ముందర పెట్టాడు. మునిరత్నం ఆ పేరు చదివాడు. అన్న ముఖం చూశాడు. అన్నను ఎరిగినవాడు కదా, నవ్వలేదు.

"సరే అన్నా. మదనపల్లెలోనే ఉండు. ఆడినుంచే ఈ దిండు కొంచెం పైకి జరుపు, మెడ లాగతాండాది."

మా ఆయన ఫోను నా ఒళ్లో పెట్టి, చెప్పులు మంచం కింద విడిచి, దిండు సర్దాడు. మంచం మీద కాలిదగ్గర కూర్చుని, బస్సులో కూర్చున్నట్టే తన రెండు కాళ్లూ పైకి మడిచి పెట్టుకున్నాడు.

తర్వాత మునిరత్నమే అన్నాడు.

"దాన్ని తిరిగి తెచ్చుకుందామని బెంగళూరు పోయినాన్నా. ఇయ్యనన్నాడు. ఈనిందంట."

"ఆవు మాట ఇప్పుడెందుకు?" అన్నాడు ఈయన. మళ్లీ ఆయనే, "కోడెనా, పెయ్యనా?" అని అడిగాడు.

"పెయ్య."

"పొట్టిదేనా?"

"తల్లి మాదిరే. మంచం కిందికి దూరిపోతాది."

మా ఆయన ముక్కు చీదుకున్నాడు. గుడ్డ చుట్టిన ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. వేలూరు పోయినాక ఆ పాదం మళ్లీ ఇంటికి రాలేదు. మనిషి వచ్చాడు, అది చాలు మాకు.

ఆయన అట్లా పాదం పట్టుకుని ఉండగానే కరెంటు వచ్చింది. వీధంతా ఒక్కసారిగా వెలుగు. పక్కింట్లో టీవీ మొదలైంది. నెత్తిమీద ఫ్యాను గర్రుమని కదిలింది. గడప దగ్గర నిలబడ్డ శ్రుతి నావైపు చూసింది. నేను ఒళ్లో ఫోను చూస్తూ కూర్చున్నాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత అద్దం ఒకసారి వెలిగి, పేరు మారింది. కర్ర, కర్ర కొసకు మూట. పొట్టి పేరు.

మా ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"ఏమంటాండాది మే?"

"నాకు ఇంగ్లీషొస్తాదా?" అన్నాను.

శ్రుతి అక్కడే ఉంది, రెండడుగుల దూరంలో. ఆయన శ్రుతిని అడగలేదు. తిరుగుతున్న ఫ్యాను వైపు ఒకసారి చూశాడు. తమ్ముడి పాదం ఒళ్లో కదలకుండా పట్టుకుని, మడిచిపెట్టుకున్న తన కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దించి నేలమీద పెట్టాడు.